ధర చెప్పి నోరు మూసుకున్న మనిషి

మొన్న భోగాపురం దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. చేతిలో వయొలిన్ పెట్టె, నెత్తిమీద ఎండ. విమానాశ్రయం వస్తోందని రోడ్లన్నీ వెడల్పు చేశారు గానీ, బస్సు కోసం నిలబడేవాడికి కాస్త నీడ వెయ్యాలని ఎవరికీ తోచినట్టు లేదు. పక్కనే ఒకావిడ చేపల తట్ట దింపుకుని కూర్చుంది. కారులోంచి దిగిన పెద్దమనిషి ఒకాయన వంజరం చూసి ధర అడిగాడు. ఆవిడ చెప్పింది. చెప్పి, తల అవతలికి తిప్పుకుని, రోడ్డు మీద పోయే లారీల్ని చూస్తూ కూర్చుంది.

ఆయన చాలా ఎక్కువన్నాడు. ఆవిడ పలకలేదు. నిన్న ఇంకోచోట చవగ్గా ఇచ్చారన్నాడు. పలకలేదు. చేప మొప్పలు ఎత్తి చూశాడు, ఎండని తిట్టాడు, పెట్రోలు ధర ఎత్తాడు, తనకి ఈ చుట్టుపక్కల బోలెడు మంది చుట్టాలున్నారని కూడా చెప్పుకున్నాడు. ఆవిడ లారీలు చూస్తూనే ఉంది. ఆఖరికి ఆయన తనతో తానే బేరమాడుకుని, తన చేతిలో తానే ఓడిపోయి, ఆవిడ చెప్పిన ధరకే చేప కొనుక్కుని, వెళ్తూ వెళ్తూ థాంక్స్ కూడా చెప్పి వెళ్ళాడు.

నాకు నవ్వు ఆగలేదు. సంగీతం మాస్టారు రోడ్డు పక్కన పెట్టె పట్టుకుని ఒంటరిగా నవ్వుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో తెలుసు. అయినా ఆగలేదు. "ఏటి బాబూ, ఎందుకలగ నవ్వుతన్నావు?" అని చేపలావిడ అడిగింది. ఏం చెప్పను? ఆ మౌనం నాకు బాగా తెలుసు. దానితో ఒక గోడ పంచుకుని బతికినవాణ్ణి నేను.

ఆ గోడవతలి మనిషి పేరు రాయను. రాశానంటే, నా పేరు వాడుకున్నందుకు ఎంతిస్తారు మాస్టారూ అని అడుగుతుంది. అడిగి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడానికి తట్టుకోలేక నేను ఇచ్చుకుంటాను. మేడ మీద మేమందరం ఆవిణ్ణి మేడమ్ అనేవాళ్ళం, కింద జనం మాటల మేడమ్ అనేవాళ్ళు. ఇక్కడా అదే చాలు.

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి పోయే దారిలో స్టీలు సామాన్ల కొట్టు, దాని మీద మేడ. ముందు వరండా, వెనక రెండు గదులు. నిజానికి ఒకటే గది. యజమాని మధ్యలో ప్లైవుడ్ కొట్టించి ఒక గదికి రెండు అద్దెలు చేసుకున్నాడు. ఒకదాంట్లో నా వయొలిన్ క్లాసు. రెండోదాంట్లో ఎవరు దిగినా నాలుగు నెలలు నిలిచేవాళ్ళు కాదు. ఎల్.ఐ.సి. ఏజెంటు దిగాడు, పోయాడు. ట్యూషన్ వాళ్ళు దిగారు, పోయారు. దానికి కారణం నేనని యజమాని అనుమానం. నా శిష్యులు సరళీస్వరాలు పలికించే తీరు విన్నవాళ్ళెవరూ ఆ అనుమానం తప్పనరు.

మేడమ్ గది చూడ్డానికి వచ్చిన రోజు కూడా శిష్యులు ఆ పనిలోనే ఉన్నారు. ఆవిడ వరండాలో నిలబడి కాసేపు చెవి రిక్కించి విన్నది. ఆనక యజమాని వైపు తిరిగి, ఈ గోలకి గాను అద్దె ఇంత తగ్గించాలి అని నా ఎదురుగానే చెప్పేసింది. చెప్పి, రోడ్డు వైపు తిరిగి, ఒంటికాలి మీద కొంగలా నిలబడి వేరుశెనగ ఉండ కొరుక్కోవడం మొదలుపెట్టింది. యజమాని గ్లాసు మీద గీత పడితేనే ఓర్చుకోని మనిషి. ఏదో అన్నాడు. ఇంకేదో అన్నాడు. తన తండ్రి ఈ మేడ ఎంత కష్టపడి కట్టాడో చెప్పాడు. ఉండ అయిపోయేసరికి అద్దె తగ్గింది. నాకు అవమానమూ అయింది, ముచ్చటా వేసింది.

మనిషి పొట్టి, నడక పరుగు. కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, అదే కళ్ళజోడు కోసం గదంతా వెతికేది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోగానే కుళాయి దగ్గర మొహం కడుక్కుని, వరండాలోకి వచ్చి, ఒంటికాలి మీద నిలబడి ఉండ తినేది. ఆవిడ నవ్వితే కింద కొట్లో స్టీలు పళ్ళేలు ఖంగుమన్నట్టుండేది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాత్రం "ఊఁ" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. ఆ "ఊఁ"లో ఎన్ని రకాలో నాకూ లెక్క తెలియదు. సంగీతం చెప్పేవాణ్ణి కాబట్టి అంటున్నాను, ఒక్క అక్షరాన్ని అన్ని శ్రుతుల్లో పలికించడం నా దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళకి కూడా చేతకాలేదు.

బోర్డు పెట్టించింది. దాని మీద తన పేరు చిన్నక్షరాలు, కౌన్సెలింగ్ అన్న మాట మధ్యరకం అక్షరాలు, గంటకి ఫీజు ఎంతో పెద్దక్షరాలు. మా ఊళ్ళో ఫీజు బోర్డు మీద రాసుకున్న డాక్టరు లేడు. జనం మెట్ల దగ్గర ఆగి బోర్డుకి ఫోటోలు తీసుకునేవారు. ఎందుకండీ ఇలా అని నేను మొహమాటపడుతూ అడిగితే, దాచుకోవాల్సింది లోపల చెప్పే మాటలు గానీ ధర కాదు కదండీ మాస్టారూ అంది.

ఆవిడ గవర్నమెంటు బళ్ళో టీచరు. తల్లి ఇదే భోగాపురం తీరాన చేపలమ్మి చదివించింది. ఉద్యోగం వచ్చాక మనస్తత్వశాస్త్రం చదువుకుని, విశాఖపట్నం వెళ్ళి పని నేర్చుకుని, బడికి జీతం లేని సెలవు పెట్టి ఈ గది తీసుకుంది. తల్లికి ఇది బొత్తిగా నచ్చలేదు. చేపంటే అమ్ముతారు, మాటెవరు కొంటారని ఆవిడ వాదం. చివరికి తల్లీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. సెలవు అయ్యేలోగా ఆ గది తన అద్దె తను కట్టుకుని, ఆపైన కూతురికి కడుపునిండా తిండి పెట్టాలి. పెడితే సరి, లేకపోతే నోరెత్తకుండా బడికి తిరిగి వెళ్ళిపోవాలి. ఈ సంగతి మేడమ్ దాచుకోలేదు. గదిలో క్యాలెండరు మీద సెలవు ఆఖరి రోజు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పెట్టుకుంది. ఉండ కొరికినప్పుడల్లా దాన్ని ఒకసారి చూసేది.

మొదట్లో వచ్చినవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట చెక్కలవుతుంది. పాతపట్నం నుంచి వచ్చిన ముసలాయన ఒకరు గంటసేపు మాట్లాడి, బయటికి వచ్చి, మరి సూదిమందు ఏదని అడిగాడు. లేదు తాతా అంది. పోనీ సెలైనేనా అన్నాడు. అదీ లేదంది. పోనీ బలానికి రెండు బిళ్ళలేనా రాయమన్నాడు. ఇంకొకాయన ఫీజు దగ్గర గట్టి లాపాయింటు తీశాడు. "అమ్మా, గంట సేపు మాటాడింది నాను. నువ్వు ఊఁ అన్నావంతే. నాయంగా సూస్తే నాకే నువ్వియ్యాల" అన్నాడు. వరండాలో ఉన్న అందరం మేడమ్ వైపు చూశాం. ఆవిడ ఫీజు ఎంతో ఇంకోసారి చెప్పి, నోరు మూసుకుంది. కాసేపటికి ఆయన జేబు వెతుక్కున్నాడు.

ఇంకో రకం వాళ్ళూ వచ్చారు. ఒకతను రాళ్ళ ఉంగరాల పెట్టె తెచ్చాడు. వచ్చినవాళ్ళకి తలా ఒక ఉంగరం అంటగడితే చెరిసగం అన్నాడు. ఇంకొకతను ఫ్లెక్సీ వేయిస్తానన్నాడు, ఎలాంటి దిగులైనా మూడు సిట్టింగుల్లో ఖాయంగా మాయం అని రాయిస్తే జనం తోసుకుని వస్తారన్నాడు. అప్పటికి గది అద్దెకి ఆవిడ మెళ్ళో గొలుసు తాకట్టులో ఉందని నాకు తెలుసు. నేనైతే కనీసం ఆలోచించి చెబుతాననేవాణ్ణి. ఆవిడ మాత్రం, "పాసిపోయిన సేపకే కబుర్లెక్కువ కావాలని మా అమ్మంటాది. మాది తాజా సరుకు నాయినా, ఎల్లిరండి" అని ఇద్దర్నీ మెట్లు దింపేసింది.

అలాగని బీదవాళ్ళని తరిమేది కాదు. ఇచ్చుకోలేనివాళ్ళకి ధర తగ్గించేది గానీ ఊరికే మాత్రం ఎవరికీ కూర్చునేది కాదు. ఒకావిడకి వారానికో ములక్కాడల కట్ట ఫీజు. ఆ కట్టకి కూడా ముందే ధర చెప్పినట్టు చెప్పి నోరు మూసుకునేది. ఊరికే వచ్చినవాళ్ళు మొహమాటపడి నిజం చెప్పరు మాస్టారూ, ఇచ్చినవాళ్ళకే అడిగే హక్కుంటుంది అనేది.

ధర దగ్గర గెలుస్తోంది గానీ అసలు పని దగ్గర ఓడిపోతోంది. మా వైపు ఎవరూ ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళరు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా ఆటో నిండాల్సిందే. ఈవిడ దగ్గరికీ అలాగే వచ్చేవారు. కోడలు లోపలికి వెళ్తే అత్తగారు, ఆడపడుచు, పెదమావగారు వరండా బల్ల మీద. కొడుకు లోపలికి వెళ్తే తండ్రి తలుపుకి ఆనుకునే నిలబడేవాడు. ప్లైవుడ్ గోడకి మేడమ్ పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీసి నా వైపుకి మాట రాకుండా చేసుకుంది. వరండా వైపు తలుపుకి మాత్రం ఎన్ని బొంతలు కట్టినా కింద సందు ఉండనే ఉంది, ఆ సందు దగ్గర చెవులు ఉండనే ఉన్నాయి. లోపలివాళ్ళకి ఆ సంగతి తెలుసు. అందుకని గంటసేపు ఎండల గురించీ ఉల్లిపాయల గురించీ మాట్లాడి, ఫీజిచ్చి, మళ్ళీ వచ్చేవారు కాదు. ఒక్కసారి వచ్చి పోయేవాళ్ళతో గది నడవదు. బయట కూర్చోవద్దంటే, మాకు తెలీకుండా ఏటి సెప్పుకుంటారని పేషెంటుని కూడా లేవదీసుకుపోయేవారు. మేడమ్ ఉండలు తినడం మానేసింది. నవ్వూ తగ్గింది. ఆ రోజుల్లో నాకు ఆ మేడంతా బోసిపోయినట్టుండేది.

అప్పుడు మా గార్డుగారు ప్రవేశించారు.

ఆయన కొత్తవలసలో రిటైరైన రైల్వే గార్డు. కిరండూల్ లైన్లో గూడ్సు బళ్ళ వెనక జీవితమంతా జెండా ఊపిన మనిషి. వయొలిన్ కమాను కూడా అలాగే ఊపేవారు. ఆయన మాయామాళవగౌళ మొదలుపెడితే గూడ్సుబండి ఘాట్ దిగుతూ బ్రేకులు వేసినట్టుండేది. కానీ వినయం, శ్రద్ధ, ఉత్సాహం పుష్కలం. అలాంటివాణ్ణి పొమ్మనడం ఏ గురువుకీ సాధ్యం కాదు. ఉక్కగా ఉందని ఒకరోజు సాయంత్రం ఆయన గుమ్మం దగ్గర, వరండా వైపు తిరిగి కూర్చుని వాయించారు. పక్క గదిలో ఒక కోడలుంది. వచ్చినప్పుడల్లా నేల చూసి వెళ్ళిపోయే పిల్ల. బల్ల మీద ఆమె అత్తగారు తలుపు సందుకి దగ్గరగా సర్దుకుని కూర్చుంది.

గార్డుగారు జంట స్వరాలు అందుకున్నారు. అత్తగారు మొదట ఒక చెవి మూసుకుంది. ఆ తరవాత రెండోది. ఆపైన, గిన్నెలేవో చూడాలంటూ కింద కొట్లోకి దిగిపోయింది. క్లాసు అయ్యాక మేడమ్ కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని పరుగెత్తుకుంటూ నా గదిలోకి వచ్చింది. తిట్లు ఖాయమని నేను క్షమాపణ తయారు చేసుకుంటున్నాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి, మొహమంతా నవ్వుంది.

"మాస్టారూ, ఈయన రేపు కూడా వస్తారా?" అంది.

ఆ పిల్ల గంటసేపు గుక్కతిప్పుకోకుండా మాట్లాడిందట. ఏం మాట్లాడిందో మేడమ్ చెప్పలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ చెప్పలేదు. నేను చుట్టూ తిప్పి అడిగినప్పుడల్లా, నా గంట ధర తెలుసు కదా మాస్టారూ, మీ సొంత కబుర్లుంటే కూర్చోండి అనేది.

గార్డుగారితో అసలు విషయం చెప్పొద్దనీ, మీ విద్య ముదురుతోంది కాబట్టి రోజూ రమ్మని చెబితే సంతోషిస్తారనీ నేను సలహా ఇచ్చాను. ఆవిడ ఒప్పుకోలేదు. లోపల నిజం కోసం కూర్చుని గుమ్మంలో అబద్ధం పెట్టుకుంటానా అంది. నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళి, మీ వయొలిన్ వినలేక బయటివాళ్ళు పారిపోతున్నారు, అందువల్ల లోపలివాళ్ళు మాట్లాడగలుగుతున్నారు, మీరు నాకు సాయం చెయ్యాలి అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. నేను తల దించుకున్నాను. గార్డుగారు కమాను చేతిలోకి తీసుకున్నారు. "అయితే ఇంకొంచిం గట్టిగా వాయించమంటారా అమ్మా?" అన్నారు.

ఆ రోజు నుంచి మా మేడ దశ తిరిగింది. నా క్లాసుల టైంటేబులు, ఆవిడ అపాయింట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చునేవాళ్ళం. అత్తాకోడళ్ళ వ్యవహారాలు సాయంత్రం, గార్డుగారి వేళకి. కాలేజీ పిల్లలు పొద్దున్నే, కొత్తగా చేరిన కవలల వేళకి. కొత్తవాళ్ళు ఎవరైనా చేరారా మాస్టారూ అని ఆశగా అడిగేది. బాగా వాయించే అమ్మాయి ఒకతె ఉండేది, ఆమె వస్తుంటే మేడమ్ మొహం వాడిపోయేది. వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. వాళ్ళే ఇంకొకళ్ళని తెస్తున్నారు. మెళ్ళోకి గొలుసు తిరిగొచ్చింది. ఉండలూ నవ్వూ తిరిగొచ్చాయి. పైడితల్లి పండగ రోజు కూడా ఇంత సంబరంగా ఉండదు మా మేడ.

నెల తిరిగేసరికి ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టింది. ఇదేమిటన్నాను. గార్డుగారి గోలకి, కవలల గోలకి, వాళ్ళని కూర్చోబెట్టిన మీ గుమ్మానికి అంది. నేను చెవులు మూసుకున్నాను. మా ఇంట్లో తరతరాలుగా విద్య అమ్ముకోలేదన్నాను. సరస్వతి పటం ముందు ఇత్తడి పళ్ళెం ఉంటుంది, ఎవరికి తోచింది వాళ్ళు పెడతారు, నేను అటు చూడను. ఇదీ మా పద్ధతి. ఆవిడ పళ్ళెం వైపు చూసింది. అందులో ఒక అరటి హస్తం, నాలుగు తమలపాకులు ఉన్నాయి.

"అమ్ముకోనేదు సరే మాస్టారూ, తిన్నారా?" అంది.

ఆ ప్రశ్న మా ఇంట్లో మా ఆవిడ కూడా ఎప్పుడూ అంత సూటిగా అడగలేదు. మేడమ్ వదల్లేదు. ఎదురుగా కూర్చుని తాను పిల్లవాడి తల్లి వేషం కట్టి, ఫీజెంత మాస్టారూ అని అడిగింది. నేను ఒక అంకె చెప్పాను. చెప్పిన ఊపిరిలోనే, లేకపోయినా పర్వాలేదు అన్నాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పి, మీకు ఎలా వీలైతే అలా అన్నాను. మూడోసారి ధర చెప్పి, నోరు చేత్తో మూసుకున్నాను గానీ తల మాత్రం అడ్డంగా ఊపాను. ఆవిడ నేల మీద పడి నవ్వింది.

"దర సెప్పీసి నోరు మూసుకోవాల మాస్టారూ. ముందు ఎవరు మాటాడితే ఆళ్ళు దిగిపోయినట్టే. ఇది మా అమ్మ నేర్పినాది" అంది.

ఆ తరవాత నా గదికి తల్లిదండ్రులెవరైనా వస్తే, గోడవతల ఆవిడ ఖాళీగా ఉంటే, చెవి ఇటే ఉండేది. నా గొంతు పెద్దది. ధర చెప్పాక నేను ఇంకో మాట అనబోతున్నానని పసిగట్టిందంటే ప్లైవుడ్ మీద టక్ మని ఒక్క దెబ్బ కొట్టేది. నేను ఉలిక్కిపడి నోరు మూసుకునేవాణ్ణి. ఎలకలా అని తల్లిదండ్రులు అడిగేవారు. పెద్ద ఎలకే అనేవాణ్ణి. పళ్ళెం అలాగే ఉంది గానీ, అందులో అరటిపళ్ళు తగ్గాయి. మా ఇంట్లో చాలా కాలానికి కొత్త మిక్సీ కొన్నాం.

ఎర్ర సున్నా చుట్టిన రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రం మెట్ల మీద సముద్రం వాసన వేసింది. ఖాళీ తట్ట చంకన పెట్టుకుని మేడమ్ తల్లి పైకి వచ్చింది. బల్ల మీదివాళ్ళు జరిగి చోటిచ్చారు. మేడమ్ లోపల ఎవరితోనో ఉంది. గార్డుగారు గుమ్మంలో తమ పని తాము చేసుకుపోతున్నారు. ఆ పెద్దావిడ చెవులేమీ మూసుకోలేదు. అలల హోరు పక్కన పుట్టి పెరిగిన మనిషికి మా గార్డుగారొక లెక్కా?

"బాబూ, నా కూతురు లోపల ఏటి సేస్తాది?" అని నన్నడిగింది.

వింటుందమ్మా అన్నాను. ఇని ఏటి సేస్తాదంది. ఊఁ అంటుందన్నాను. దానికి డబ్బులిస్తారా అంది. ఇస్తారన్నాను. మళ్ళీ మళ్ళీ వస్తారని కూడా చెప్పాను. ఆవిడ మూసిన తలుపు వైపు చూసింది.

"నా మొగుడు బతికినన్నాల్లు నాకా ఊఁ కూడా అన్నేదు బాబూ" అంది.

తలుపు తెరుచుకుంది. లోపలి మనిషి కళ్ళు తుడుచుకుంటూ, ఫీజిచ్చి, తేలిగ్గా మెట్లు దిగిపోయింది. మేడమ్ గుమ్మంలో తల్లిని చూసి ఆగిపోయింది. తల్లి తట్ట ఎత్తుకుని లేచి నిలబడింది. "సెలవయిపోనాది. గది నీకు తిండెట్టినాది, కాదన్ను. కానీ ఇది రేపుంటాదో ఉండదో. బడి ఎక్కడికీ పోదు. పద" అంది.

"నాను రానమ్మా. ఇదే నా పని" అంది మేడమ్. అని, నోరు మూసుకుంది.

తల్లీ నోరు మూసుకుంది.

ఇద్దరూ వరండాలో పక్కపక్కన నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు. ఇద్దరూ ఒంటికాలి మీదే. ఆ నిలబడడం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకప్పుడు తెలిసింది. ధర చెప్పి దిగిరావడమన్నది ఎరగని మనుషులు ఇద్దరు. ఒకరు నేర్పినావిడ, ఒకరు నేర్చుకున్నావిడ. గార్డుగారు వాయించడం పూర్తి చేసి కమాను దించారు. మేడంతా చప్పుడు లేదు. బల్ల మీదివాళ్ళు దగ్గడానికి కూడా భయపడ్డారు. ఇంకోసారి మొదట్నించి వాయించమంటారా గురువుగారూ అని గార్డుగారు నా చెవిలో అడిగారు. వద్దని సైగ చేశాను. ఆవిడ వెళ్ళిపోతే ఈ గోడవతల మళ్ళీ ఏ ట్యూషన్ వాళ్ళో దిగుతారు, నేను మళ్ళీ పళ్ళెం వైపు చూడని మాస్టార్నవుతాను, ఆ నేల చూసే పిల్ల మళ్ళీ నేలే చూస్తుంది. వెళ్ళొద్దని నేనే అరుద్దామనుకున్నాను. కానీ ముందు మాట్లాడినవాళ్ళు దిగిపోయినట్టే కదా. బతుకులో మొదటిసారి పూర్తిగా నోరు మూసుకుని నిలబడ్డాను.

వీధి దీపాలు వెలిగాయి. తల్లి తట్ట నేలకి దింపింది.

"గంటకి ఎంతన్నావు?" అంది.

మేడమ్ ఫీజెంతో చెప్పింది. అమ్మ కదా అని ఒక్క పైసా తగ్గించలేదు. తల్లి కొంగుముడి విప్పి, తడితడి నోట్లు బల్ల మీద పెట్టింది. "నాకో గంట గావాల" అంది.

అప్పుడు మేడమ్ ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. నోట్లు తిరిగి తల్లి చేతిలో పెట్టి, సొంతవాళ్ళకి ఈ పని చెయ్యకూడదనీ, అది తమ వృత్తిలో పద్ధతనీ చెప్పింది. తల్లికి కోపం వచ్చింది. కూతురు కొట్లో సరుకు తల్లికి అమ్మకపోవడం ఎక్కడి ధర్మమంది. శ్రీకాకుళంలో తన స్నేహితురాలొకామె ఇదే పని చేస్తుందనీ, ఆమె దగ్గరికి పంపిస్తాననీ మేడమ్ బతిమాలింది.

"తాజాయేనా?" అని అడిగింది తల్లి.

మేడమ్ నవ్వుకి కింద కొట్లో పళ్ళేలు నిజంగానే మోగాయి. తల్లి నోట్లు మళ్ళీ కొంగున ముడేసుకుని, తట్ట చంకన పెట్టుకుని దిగిపోయింది. బడి మాట మరి ఎత్తలేదు. ఆ తరవాత చాన్నాళ్ళు శ్రీకాకుళం బస్సెక్కి వెళ్ళొచ్చేదనీ, అక్కడ ధర చెబితే మారుమాటాడకుండా ఇచ్చేదనీ విన్నాను. లోపల ఏం చెప్పుకునేదో, సహజంగానే, ఎవరికీ తెలియదు.

మేడమ్ మా మేడ ఖాళీ చేసింది కూడా మా వల్లే. ఒక సాయంత్రం గార్డుగారు మోహన రాగం ఎత్తుకున్నారు. నేను పక్కన కూర్చుని తాళం వేస్తూ ఉలిక్కిపడ్డాను. స్వరం స్వరంలా పడుతోంది. బల్ల మీద అత్తగార్లు చెవులు మూసుకోలేదు. ఒకావిడ తల ఊపుతోంది. అందరూ చప్పుడు చెయ్యకుండా వింటున్నారు, ఆ నిశ్శబ్దంలో లోపలి మాటలు బయటికి వినిపించబోతున్నాయి. మేడమ్ తలుపు తీసుకుని వచ్చి, నెత్తిమీద కళ్ళజోడుతో, నడుం మీద చేతులతో నా ముందు నిలబడింది. "మాస్టారూ, నా యాపారం ముంచీసినారు" అంది. గార్డుగారు సిగ్గుపడుతూ క్షమించమన్నారు. అది ఆయనకి నేనిచ్చిన ఏ మెప్పు కన్నా పెద్ద మెప్పు.

అప్పటికి ఆవిడకి ప్లైవుడ్ అవసరం తీరిపోయింది. శ్రీకాకుళంలో, ఇటుక గోడలతో, మందపు తలుపులతో, వచ్చినవాళ్ళ వెంట వచ్చినవాళ్ళకి వేరే వసారాతో సొంత చోటు కట్టుకుంది. బోర్డు మీద ఫీజు ఇంకా పెద్దక్షరాల్లో రాయించిందట.

మొన్న భోగాపురంలో బస్సెక్కి కూర్చున్నానో లేదో, ఆవిడ దగ్గర్నించే ఫోను. తలుచుకున్నంతసేపు పట్టలేదు. కొత్తగా మేడ వేయించిందట, ప్రవేశానికి నేనూ గార్డుగారూ వచ్చి వాయించాలట. ఎంత తీసుకుంటారు మాస్టారూ అంది.

మీ దగ్గరేమిటండీ అనబోయి నాలుక కరుచుకున్నాను. ధర చెప్పాను. చెప్పి ఊరుకున్నాను. అవతల ఆవిడా ఊరుకుంది. బస్సు కదిలింది, చంపావతి వంతెన దాటింది, ఆవిడ పలకదు. ఇంటి మనిషి, నా ఇంట్లో అన్నం మెతుకు పెంచిన మనిషి. ఆవిడ దగ్గర పట్టింపేమిటి, లేకపోయినా పర్వాలేదు అందామని నోరు తెరిచాను.

ఫోన్లోంచి టక్ మని ఒక్క దెబ్బ వినిపించింది.

నోరు మూసుకున్నాను.